కారుకు బయటి స్టీరియో, నావిగేషన్ సెట్ బిగించుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

కారుతో వచ్చిన స్టీరియో తీసేసి పెద్ద స్క్రీను, నావిగేషన్ ఉన్న సెట్ పెట్టుకుందామనుకునే వాళ్లకు వచ్చే సందేహాలు ఎక్కడైనా దాదాపు ఒకటే. సమాధానాలు మాత్రం షాపుకో రకంగా దొరుకుతాయి. అందుకే వాటిని పని జరిగే వరుసలో ఒకచోట పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు, ఏ సమాధానానికి అదే పూర్తిగా ఉంటుంది. ఒక్క మాట ముందే చెప్పేస్తాను. కంపెనీ ఇచ్చిన వైర్లు ఒక్కటి కూడా కోయకుండా ఈ పని మొత్తం చేయొచ్చు, అలా చేసే వాళ్ల దగ్గరే చేయించండి.

## కొనే ముందు

సింగిల్ డిన్, డబుల్ డిన్ అంటే ఏమిటి? నా కారుకి ఏది పడుతుంది?

అవి సెట్ ముందు భాగం కొలతలు. సింగిల్ డిన్ 180 మి.మీ. వెడల్పు, 50 మి.మీ. ఎత్తు. డబుల్ డిన్ వెడల్పు అంతే, ఎత్తు 100 మి.మీ. టయోటా కార్లలో చాలావాటికి ఖాళీ 200 మి.మీ. వెడల్పు ఉంటుంది, మామూలు డబుల్ డిన్ పెడితే రెండు పక్కలా సందు మిగులుతుంది. దానికి పక్క పట్టీలు విడిగా దొరుకుతాయి.

ఇప్పుడు ఎక్కువగా అమ్ముడుపోతున్న 9, 10 అంగుళాల సెట్లు ఈ కొలతల్లోకి రావు. వాటికి మీ కారు కోసమే పోసిన ఫ్రేమ్ ఉండాలి. ఫ్రేమ్ కొనేటప్పుడు కారు పేరు ఒక్కటే చెబితే చాలదు. స్విఫ్ట్ అంటే 2018కి ముందుదా, తర్వాతదా? ఏసీ నాబ్‌లదా, ఆటోమేటిక్‌దా? ఇవి తేడా వస్తే ఫ్రేమ్ కూర్చోదు. మీ డ్యాష్‌బోర్డ్ ఫోటో తీసుకెళ్లి చూపించడం అన్నిటికన్నా మేలు.

ఆండ్రాయిడ్ సెట్ తీసుకోవాలా, కార్‌ప్లే, ఆండ్రాయిడ్ ఆటో ఉన్న సెట్ తీసుకోవాలా?

నావిగేషన్ కోసమే అయితే నేను రెండోదే తీసుకోమంటాను. కార్‌ప్లే ఐఫోన్‌ను, ఆండ్రాయిడ్ ఆటో ఆండ్రాయిడ్ ఫోన్‌ను కారు స్క్రీన్ మీద చూపిస్తాయి. అందులో మ్యాప్ నడిచేది మీ ఫోన్‌లో. నెట్ ఫోన్‌దే, అప్‌డేట్ ఫోన్‌దే, ఇంట్లో వెతికిన అడ్రస్ కారులో రెడీగా ఉంటుంది. ఆండ్రాయిడ్ సెట్ అంటే యాప్‌లు సెట్‌లోనే నడిచేది, దానికి విడిగా నెట్ ఇవ్వాలి, అంటే హాట్‌స్పాట్ ఆన్ చేయాలి లేదా సిమ్ వేయాలి. పైగా రెండేళ్లు తిరిగేసరికి చవక సెట్ యాప్‌లను మోయలేక నెమ్మదిస్తుంది. వెనక సీట్లో పిల్లలకు వీడియోలు కావాలి, ఫోన్ కలపడం ఇష్టం లేదు అనుకునే వాళ్లకు ఆండ్రాయిడ్ సెట్ నప్పుతుంది. రెండూ ఉన్న సెట్లూ ఉన్నాయి కానీ, కార్‌ప్లే వైరు లేకుండా కూడా నిలకడగా పనిచేస్తోందో లేదో షాపులోనే మీ ఫోన్ కలిపి చూసుకోండి.

డబ్బా మీద 50 వాట్లు ఇంటూ 4 అని ఉంది. నిజంగా 200 వాట్లు వస్తాయా?

రావు. ఇంజన్ నడుస్తున్నప్పుడు కారులో ఉండేది 14.4 వోల్టులు. సెట్ లోపల వోల్టేజీని పెంచే ప్రత్యేక సర్క్యూట్ లేకపోతే, 4 ఓమ్‌ల స్పీకర్‌కు శుభ్రమైన శబ్దంగా ఇవ్వగలిగింది లెక్క ప్రకారం ఛానెల్‌కు 26 వాట్లు. నష్టాలు పోను 18 నుంచి 22 మధ్య మిగులుతుంది. కారులో వినడానికి అది మామూలు మనిషికి చాలు. డబ్బా మీద వాట్లు కాకుండా ఆర్ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగలిగే అసలు వాట్లు) అని ఎంత రాశారో చూడండి. అసలు ఆర్ఎంఎస్ రాయని కంపెనీని నేను నమ్మను.

4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ అని చెబుతున్నారు. సెట్టింగ్స్‌లో కూడా అలాగే చూపిస్తోంది. నమ్మవచ్చా?

సెట్టింగ్స్ పేజీలో కనిపించే అంకెల్ని తయారీదారు ఎలా కావాలంటే అలా మార్చి పెట్టవచ్చు. ఆండ్రాయిడ్ వెర్షన్ కూడా అంతే. ఏఐడీఏ64, సీపీయూ-జెడ్ లాంటి యాప్ వేసి చూస్తే చాలాసార్లు అసలు సంగతి బయటపడుతుంది. స్టోరేజీ మీద అనుమానం ఉంటే పెద్ద ఫైళ్లు కాపీ చేసి, తిరిగి తెరుచుకుంటున్నాయో లేదో చూడండి.

ఏసీ, పార్కింగ్ సెన్సర్, కారు సెట్టింగులు అన్నీ కంపెనీ స్క్రీన్‌లోనే ఉన్నాయి. మార్చవచ్చా?

మార్చకపోవడమే మంచిది. మన దేశంలో 2019 జులై నుంచి కొత్త కార్లన్నిటికీ రివర్స్ పార్కింగ్ సెన్సర్లు తప్పనిసరి అయ్యాయి. కొన్ని మోడళ్లలో ఆ సెన్సర్ల బొమ్మ, బీప్ రెండూ స్క్రీను నుంచే వస్తాయి. సెట్ తీసేస్తే అవీ పోతాయి. మీకు కావాల్సింది మ్యాప్ మాత్రమే అయితే స్టాండ్‌లో పెట్టిన ఫోన్ సరిపోతుంది. 2020 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన మార్పు ప్రకారం, ఏకాగ్రత చెదరకుండా, దారి చూసుకోవడానికి మాత్రమే డ్రైవింగ్‌లో ఫోన్ వాడటానికి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో వీలుంది.

బయటి సెట్ పెడితే కారు వారంటీ పోతుందా?

గొడవ వచ్చేది వైర్లు కోసినప్పుడు. ఎలక్ట్రికల్ సమస్యతో షోరూమ్‌కి వెళ్తే, కోసి అతికించిన వైరు కనబడగానే ఆ భాగం వారంటీ ఇవ్వమంటారు. కప్లర్‌కి కప్లర్ (వైర్ల చివర ఉండే ప్లాస్టిక్ ప్లగ్) తగిలించి పెట్టిన సెట్ అయితే సర్వీసుకి వెళ్లేముందు తీసి పాతది పెట్టేసుకోవచ్చు. అందుకే పాత సెట్టును, దాని స్క్రూలతో సహా ఇంటికి తెచ్చుకోండి. కారు అమ్మేటప్పుడూ పనికొస్తుంది.

లారీకి కూడా ఇదే సెట్ పెట్టొచ్చా?

పెద్ద లారీలు, బస్సుల్లో ఉండేది 24 వోల్టులు. 12 వోల్టుల సెట్ నేరుగా కలిపితే కాలిపోతుంది. 24 నుంచి 12కి తగ్గించే కన్వర్టర్ కావాలి. రెండు బ్యాటరీల్లో ఒక్కదాని నుంచే 12 వోల్టులు లాగే పద్ధతి కొందరు చేస్తుంటారు, దానివల్ల ఆ ఒక్క బ్యాటరీ త్వరగా పాడవుతుంది.

## డ్యాష్‌బోర్డ్ విప్పేటప్పుడు

బ్యాటరీ తీసేయాలా? రెండు వైర్లూనా?

మైనస్ ఒక్కటి చాలు. చాలా కార్లలో 10 నంబర్ స్పానర్ పడుతుంది. తాళం ఆపి, మైనస్ తీసి, పది నిమిషాలు ఆగి అప్పుడు డ్యాష్‌బోర్డ్ మీద చేయి వేయండి. ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్‌లో నిలిచిన కరెంట్ దిగిపోవడానికి ఆ సమయం. పసుపు రంగు కప్లర్లు, పసుపు తొడుగులో వెళ్లే వైర్లు ఎయిర్‌బ్యాగ్‌వి. వాటిని కదపకండి, టెస్ట్ ల్యాంప్‌తో అస్సలు పొడవకండి. ఎలక్ట్రిక్ కారు అయితే నారింజ రంగు కేబుళ్ల జోలికి వెళ్లకూడదు.

బ్యాటరీ తీస్తే గడియారం, కొన్ని కార్లలో పవర్ విండో ఆటో ఫంక్షన్ మళ్లీ సెట్ చేసుకోవాలి. కంపెనీ రేడియోకి కోడ్ ఉంటే ముందే రాసి పెట్టుకోండి.

ప్లాస్టిక్ విరగకుండా ఎలా తీయాలి?

స్క్రూడ్రైవర్‌తో కాదు. ప్లాస్టిక్ పట్టీల సెట్ చవగ్గానే దొరుకుతుంది, అది కొనండి. అంచు మీద ముందు మాస్కింగ్ టేప్ అంటించి, పట్టీని సందులోకి దూర్చి, క్లిప్ ఉన్న చోటుకు దగ్గరగా లాగాలి. క్లిప్‌కు దూరంగా పట్టుకుని లాగితే మధ్యలో ప్యానెల్ వంగి పగులుతుంది. ఒక క్లిప్ టక్కుమని ఊడాక పక్కదానికి వెళ్లండి. ఎంత లాగినా రావట్లేదంటే ఎక్కడో స్క్రూ దాగి ఉన్నట్టే. అది ఏసీ గాలి వచ్చే జాలీ వెనకో, కిందనున్న చిన్న అరలో రబ్బరు చాప కిందో ఉంటుంది.

ఇంకో సంగతి. చలికాలం పొద్దున్నే ఈ పని పెట్టుకోకండి, ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది. కాసేపు ఎండలో నిలిపిన కారు సులువుగా ఊడుతుంది. ప్యానెల్ వచ్చాక ఒక్కసారిగా ముందుకు లాగొద్దు, హజార్డ్ స్విచ్ వైరు వెనక తగిలి ఉంటుంది.

## వైరింగ్

పసుపు, ఎరుపు, నలుపు, నీలం... ఏ వైరు ఏమిటి?

ఇవి బయటి సెట్‌తో వచ్చే హార్నెస్ (వైర్ల కట్ట) రంగులు. దాదాపు అన్ని కంపెనీలూ ఒకే పద్ధతి పాటిస్తాయి.

పసుపు అంటే డైరెక్ట్ కరెంట్, తాళం తీసినా 12 వోల్టులు ఉండాల్సింది. గడియారం, రేడియో స్టేషన్లు గుర్తుండేది దీనివల్లే, సెట్ ఎక్కువ కరెంట్ లాగేదీ దీనిలోంచే. ఎరుపు కీ కరెంట్, తాళం ఏసీసీ పొజిషన్‌లో (ఇంజన్ స్టార్ట్ చేయకముందు వచ్చే మెట్టు) ఆన్ కావాలి. నలుపు ఎర్త్. నారింజ రంగుది హెడ్‌లైట్ వేసినప్పుడు స్క్రీను వెలుతురు తగ్గించడానికి. పూర్తి నీలం రేడియో యాంటెన్నాకు, నీలం మీద తెల్ల చార ఉన్నది బయటి యాంప్లిఫయర్‌ను ఆన్ చేయడానికి.

స్పీకర్లకు జతలుగా వస్తాయి. తెలుపు ముందు ఎడమ, బూడిద రంగు ముందు కుడి, ఆకుపచ్చ వెనక ఎడమ, ఊదా వెనక కుడి. నల్ల చార ఉన్నది మైనస్, లేనిది ప్లస్. ఆండ్రాయిడ్ సెట్లలో రివర్స్, కీ1, కీ2 వైర్ల రంగులు ఒక్కో తయారీదారుకి ఒక్కోలా ఉంటాయి. వాటికి వైరు మీద ఉన్న చీటీ చూడండి, రంగు కాదు.

కారు వైపు వైర్ల రంగులు వేరేగా ఉన్నాయి. రంగుకు రంగు కలిపేయొచ్చా?

వద్దు. ఎక్కువ సెట్లు కాలేది ఇక్కడే. కారు తయారీదారు రంగులకు, బయటి సెట్ రంగులకు ఏ సంబంధమూ లేదు. కారులో పసుపు వైరు డైరెక్ట్ కరెంట్ కాకపోవచ్చు, స్పీకర్‌ది కూడా కావచ్చు.

మల్టీమీటర్ ఉంటే పని తేలిక. కంపెనీ కప్లర్‌ను సెట్ నుంచి ఊడదీసి, పక్క ప్యానెల్స్ కప్లర్లు తిరిగి తగిలించి, బ్యాటరీ మైనస్ పెట్టండి. మీటర్‌ను 20 వోల్టుల డీసీ మీద ఉంచి, నల్ల ప్రోబ్‌ను బాడీ ఇనుముకు ఆనించండి. తాళం తీసి ఉండగానే 12 దగ్గర చూపించేది డైరెక్ట్. తాళం ఏసీసీకి తిప్పితే 12 వచ్చి, ఆపితే పోయేది కీ కరెంట్. పార్కింగ్ లైట్ వేస్తేనే వచ్చేది ఇల్యుమినేషన్, అంటే సెట్ నారింజ వైరుకు ఇవ్వాల్సింది. తర్వాత తాళం ఆపి, మీటర్‌ను ఓమ్స్‌లో పెట్టి బాడీకి దాదాపు సున్నా చూపించేది ఎర్త్ అని గుర్తించండి. రెండు వైర్ల మధ్య 3 నుంచి 4 ఓమ్‌లు వస్తే అది స్పీకర్ జత. ప్రతి పిన్‌నూ కాగితం మీద బొమ్మ గీసి రాసుకుంటూ వెళ్లండి.

యూరప్ పద్ధతి ఐఎస్ఓ కప్లర్ ఉన్న కార్లలో పవర్ డబ్బాలో 4వ పిన్ డైరెక్ట్, 7వది కీ, 8వది ఎర్త్. పాత ఫోక్స్‌వ్యాగన్ కుటుంబ కార్లలో 4, 7 తారుమారై ఉంటాయి. కాబట్టి ఐఎస్ఓ అయినా మీటర్ పెట్టాల్సిందే.

మా కారుకి కప్లర్ దొరకదు, కోసేసి కలుపుతానంటున్నాడు మెకానిక్. ఒప్పుకోవాలా?

ఒప్పుకోకండి. మారుతి, హ్యుందాయ్, టయోటా, హోండా, మహీంద్రా, టాటా కార్లలో దాదాపు అన్నిటికీ రెడీమేడ్ కప్లర్ వైరింగ్ దొరుకుతుంది. టయోటాకు 10 పిన్‌లది, 6 పిన్‌లది కలిపి జతగా వస్తుంది. కొత్త మారుతిలకు 20 పిన్‌లది, హ్యుందాయ్, కియాలకు 24 పిన్‌లది ఎక్కువ. హైదరాబాద్ రాణీగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో అడగండి, లేదా కారు మోడల్, సంవత్సరం రాసి ఆన్‌లైన్‌లో వెతకండి. సెట్ ఖరీదుతో పోలిస్తే దాని ధర లెక్కలోకి రాదు. అది లేదన్న మాటకు అసలు అర్థం చాలాసార్లు షాపులో స్టాక్ లేదని. రెండు రోజులు ఆగండి, కారు ఎక్కడికీ పోదు.

వైర్లు మెలిపెట్టి టేప్ చుడితే చాలదా? అందరూ అలాగే చేస్తున్నారు కదా?

చాలదు. రెంటచింతల, రామగుండం వైపు మే నెల ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డ్ లోపలి వేడికి మామూలు ఇన్సులేషన్ టేప్ జిగురు కరిగి జారిపోతుంది. ఆరు నెలల తర్వాత విప్పి చూస్తే టేప్ ఒకచోట, రాగి తీగలు బయటపడి ఒకచోట ఉంటాయి. పసుపు వైరు అలా బయటపడి ఇనుముకు తగిలితే, ఫ్యూజ్ సరిగా లేని కారులో మంట పుడుతుంది.

పద్ధతి ఇది. సెట్ హార్నెస్‌ను, కప్లర్ వైరును టేబుల్ మీద పెట్టుకుని కలపండి, కారులో వంగి కూర్చుని కాదు. ముందు హీట్ ష్రింక్ స్లీవ్ ఒక వైరులోకి ఎక్కించండి, తర్వాత గుర్తుకొస్తే ఎక్కదు. వైర్ల చివర్లు ఒకదానిలో ఒకటి దూర్చి మెలిపెట్టి సోల్డర్ చేయండి. చల్లారాక స్లీవ్‌ను జాయింట్ మీదికి జరిపి వేడి చూపిస్తే బిగుసుకుంటుంది. సోల్డరింగ్ రాకపోతే మంచి క్రింపింగ్ ప్లయర్‌తో బట్ కనెక్టర్లు నొక్కినా సరే. జాయింట్లన్నీ ఒకే చోట ఉబ్బకుండా ఒక్కోటి ఒక్కో పొడవులో వేస్తే కట్ట సన్నగా వస్తుంది. చివరికి బట్ట టేప్ చుట్టండి.

స్పీకర్ మైనస్ వైర్లన్నీ కలిపి బాడీకి ఇచ్చేస్తే పని తగ్గుతుంది కదా?

ఇవ్వకూడదు. ఇప్పటి సెట్లలో స్పీకర్ మైనస్ ఎర్త్ కాదు. రెండు వైర్ల మీదా సిగ్నల్ ఉంటుంది. బాడీకి తగిలిస్తే ఆ క్షణంలోనే యాంప్లిఫయర్ ఐసీ పోవచ్చు. బాగా పాత కార్లలో స్పీకర్లకు ఉమ్మడి ఎర్త్ ఉండేది. అలాంటి బండి అయితే స్పీకర్లకు కొత్త వైర్లు లాగాల్సిందే.

ఎర్త్ ఎక్కడ ఇవ్వాలి?

కప్లర్‌లో ఉన్న ఎర్త్ మామూలు సెట్‌కి సరిపోతుంది. విడిగా ఇవ్వాలంటే డ్యాష్‌బోర్డ్ లోపలి ఇనుప బీమ్‌కు, రంగు గీకి, రింగ్ టెర్మినల్‌తో బోల్ట్ కింద బిగించండి. స్క్రూకి వైరు చుట్టి వదలొద్దు.

స్టీరింగ్ మీద బటన్లు కొత్త సెట్‌తో పనిచేస్తాయా?

చాలా కార్లలో చేస్తాయి. వాటిలో ఒక్కో బటన్‌కు ఒక్కో రెసిస్టెన్స్ ఉంటుంది. ఆ ఒకటి రెండు వైర్లను సెట్‌లో కీ1, కీ2కి, వాటి ఎర్త్‌ను ఎర్త్‌కు కలిపి, సెట్టింగ్స్‌లో ఒక్కో బటన్ నొక్కుతూ నేర్పించాలి. తాళం ఆన్‌లో ఉన్నప్పుడే నేర్పించండి. బటన్ సమాచారం క్యాన్ లైన్ (కారులోని కంప్యూటర్లు మాట్లాడుకునే వైర్లు) మీద వచ్చే కార్లకు మధ్యలో క్యాన్‌బస్ డబ్బా కావాలి. కారు మోడల్‌కు తగిన డబ్బా తెచ్చి, సెట్టింగ్స్‌లో సరైన పేరు ఎంచుకోవాలి.

హ్యాండ్ బ్రేక్ వైరును ఎర్త్‌కి ఇచ్చేస్తే వీడియో ఎప్పుడూ ఆడుతుందట. అలా చేయనా?

చేయకండి. ఆ వైరు ఉన్నది, బండి ఆగి హ్యాండ్ బ్రేక్ వేసినప్పుడే ముందు స్క్రీన్‌లో వీడియో రావడానికి. హ్యాండ్ బ్రేక్ స్విచ్‌కే కలపండి. షాపువాళ్లు అడక్కుండానే ఎర్త్‌కి ఇచ్చేస్తుంటారు, కాబట్టి ముందే చెప్పండి. హైవేలో డ్రైవర్ కళ్ల ముందు సినిమా నడవడం ఎవరికీ మంచిది కాదు.

## నావిగేషన్

జీపీఎస్ యాంటెన్నా ఎక్కడ పెట్టాలి?

అగ్గిపెట్టె అంత నల్ల డబ్బా అది. దానిలోని సిరామిక్ పలక ఆకాశం వైపు చూడాలి, అంటే అయస్కాంతం లేదా జిగురు ఉన్న వైపు కిందికి. అన్నిటికన్నా మంచి చోటు ముందు అద్దం కింద, డ్యాష్‌బోర్డ్ మీద మూల. కనబడకూడదనుకుంటే డ్యాష్‌బోర్డ్ ప్లాస్టిక్ కింద పెట్టొచ్చు, ప్లాస్టిక్ అడ్డు కాదు. పైన ఇనుప బీమ్ మాత్రం ఉండకూడదు. సెట్ వెనక చుట్ట చుట్టి పడేస్తే సిగ్నల్ రాదు, షాపుల్లో హడావుడిలో జరిగేది ఇదే. డాష్‌క్యామ్, దాని చార్జర్ పక్కన కూడా పెట్టొద్దు.

కేబుల్ కనెక్టర్‌ను చేత్తో తిప్పి బిగించండి. ప్లయర్‌తో బిగిస్తే మధ్య పిన్ విరుగుతుంది.

నెట్ లేకపోతే జీపీఎస్ పనిచేయదా?

పనిచేస్తుంది. మీరెక్కడున్నారో తెలియడానికి కావాల్సింది ఉపగ్రహాలు, కనీసం నాలుగు. నెట్ కావాల్సింది మ్యాప్ బొమ్మకు, ట్రాఫిక్‌కు. శ్రీశైలం ఘాట్, మారేడుమిల్లి లాంటి సిగ్నల్ అందని దారులకు వెళ్లేముందు ఇంట్లో వైఫై మీద ఆ ప్రాంతం మ్యాప్ ఆఫ్‌లైన్‌కు దింపుకోండి.

కొత్తగా బిగించాక గంట అయినా లొకేషన్ పట్టట్లేదు. సెట్ పాడైందా?

ముందు బండిని సెల్లార్ నుంచి, షెడ్డు నుంచి ఆరుబయటికి తీసుకురండి. మొదటిసారి ఉపగ్రహాల సమాచారం దింపుకోవడానికి సమయం పడుతుంది, పూర్తి పట్టిక రావడానికే 12.5 నిమిషాలు. ఆకాశం కనిపించేచోట పావుగంట కదలకుండా ఉంచినా ఒక్క ఉపగ్రహం కూడా చూపించకపోతే యాంటెన్నా కనెక్టర్ చూడండి.

ఫ్లైఓవర్ మీద వెళ్తుంటే కింద రోడ్డు మీద ఉన్నట్టు చూపిస్తోంది. యాంటెన్నా మార్చాలా?

అక్కర్లేదు. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద వెళ్లే వాళ్లందరికీ ఇది తెలిసిందే. పైరోడ్డు, కింది రోడ్డు ఒకదాని మీద ఒకటి ఉన్నప్పుడు ఎత్తును బట్టి తేల్చుకునేంత కచ్చితత్వం జీపీఎస్‌కు ఉండదు. యాంటెన్నా అనుమానించాల్సింది ఖాళీ రోడ్డు మీద కూడా బాణం పక్క పొలాల్లోకి వెళ్తున్నప్పుడు.

నావిక్ ఉన్న సెట్ తీసుకుంటే మేలా?

మన ఇస్రో వారి సొంత ఉపగ్రహ నావిగేషన్ నావిక్ కూడా పడితే కనిపించే ఉపగ్రహాల సంఖ్య పెరుగుతుంది, అది లాభమే. కానీ దాని కోసమే సెట్ ఎంచుకోవాల్సినంత తేడా రోజువారీ వాడకంలో ఉండదు. సరైన చోట పెట్టిన యాంటెన్నా అంతకన్నా ముఖ్యం.

## రివర్స్ కెమెరా

రివర్స్ గేర్ వేస్తే స్క్రీను నల్లగా వస్తోంది, ఎందుకు?

స్క్రీను మారుతోందంటే రివర్స్ సిగ్నల్ అందుతోంది, బొమ్మే రావట్లేదు. కెమెరాకు కరెంట్ వెనక రివర్స్ లైట్ నుంచి రావాలి, డిక్కీ దగ్గర మీటర్ పెట్టి చూడండి. కరెంట్ ఉంటే సెట్టింగ్స్‌లో కెమెరా రకం మార్చండి. ఏహెచ్‌డీ (హెచ్‌డీ బొమ్మ ఇచ్చేది) కెమెరాకు సీవీబీఎస్ (పాత రకం వీడియో) పెట్టినా, సీవీబీఎస్ కెమెరాకు ఏహెచ్‌డీ పెట్టినా బొమ్మ రాదు, లేదా గీతలు పరుగెడతాయి.

అసలు స్క్రీనే మారకపోతే సంగతి వేరు. వీడియో కేబుల్‌కు రెండు చివర్లా ఒక సన్నని ఎర్ర వైరు వేలాడుతూ ఉంటుంది. వెనక చివర రివర్స్ లైట్ ప్లస్‌కు, ముందు చివర సెట్ రివర్స్ వైరుకు కలపాలి. దాన్ని వదిలేసి ఉంటారు.

## బిగించేటప్పుడు

వైర్లన్నీ వెనక కుక్కితే సెట్ లోపలికి వెళ్లట్లేదు. బలంగా తోయనా?

తోయకండి. అదనపు వైరును కట్టలుగా కట్టి, సెట్ వెనక కాకుండా కిందికి, గ్లోవ్ బాక్స్ పైన ఉన్న ఖాళీలోకి పంపండి. అక్కడ ఏసీ ఫ్లాప్ కదిలే మోటారు, కేబుళ్లు ఉంటాయి, వాటికి తగలకూడదు. డ్రైవర్ పెడల్స్ వైపు ఏ వైరూ వేలాడకూడదు. మైక్ వైరు ముందు పిల్లర్ మీదుగా వెళ్తుంటే కర్టెన్ ఎయిర్‌బ్యాగ్‌కు వెనకగా పోనివ్వండి, ముందు నుంచి కాదు.

పక్క బ్రాకెట్లకు ఏ స్క్రూలు వాడాలి?

సెట్ డబ్బాలో ఇచ్చినవే. పొడవు స్క్రూ లోపలికి వెళ్లి బోర్డుకు తగిలితే సెట్ అక్కడికక్కడే పోతుంది. ఇంట్లో దొరికిన స్క్రూతో సరిపెట్టుకునే చోటు కాదు ఇది.

గతుకుల్లో డ్యాష్‌బోర్డ్ గడగడమంటోంది.

కప్లర్లకు, వైరు కట్టలకు స్పాంజ్ టేప్ చుట్టండి. ప్యానెల్ క్లిప్ ఒకటి విరిగినా ఇదే శబ్దం వస్తుంది, క్లిప్‌లు విడిగా దొరుకుతాయి.

## బిగించాక వచ్చే సమస్యలు

తాళం తీసిన ప్రతిసారీ గడియారం, స్టేషన్లు పోతున్నాయి.

పసుపు, ఎరుపు తారుమారయ్యాయి, లేదా రెండూ కీ కరెంట్‌కే కలిపారు. పసుపుకు డైరెక్ట్ అందాలి. పసుపు వైరు ఫ్యూజ్ పోయినా, కొన్ని సెట్లలో ఇలాగే ఉంటుంది.

రెండు రోజులు తీయకపోతే బ్యాటరీ దిగిపోతోంది.

ఎరుపు వైరును కూడా డైరెక్ట్‌కు కలిపి ఉంటారు, లేదా ఆండ్రాయిడ్ సెట్ నిద్రపోవట్లేదు. లెక్క చూడండి. సెట్ ఆగి ఉన్నప్పుడు 300 మిల్లీ ఆంపియర్లు లాగితే రోజుకు 7 ఆంపియర్ అవర్లకు పైగా పోతుంది. చిన్న పెట్రోల్ కారుకు ఉండే 35 ఏహెచ్ బ్యాటరీ రెండు మూడు రోజుల్లో సగానికి వచ్చేసి ఇంజన్ తిప్పలేని స్థితికి చేరుతుంది.

మీటర్‌ను 10 ఆంపియర్ల రేంజ్‌లో, బ్యాటరీ మైనస్‌కు, దాని కేబుల్‌కు మధ్య పెట్టి, తలుపులు వేసి, అరగంట ఆగి చూడండి. మామూలుగా 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉండాలి. మీటర్ అలా ఉండగా కారు స్టార్ట్ చేయొద్దు. ఎక్కువ చూపిస్తే సెట్ ఫ్యూజ్ లాగండి, అంకె పడిపోతే దోషం సెట్‌దే. సెట్టింగ్స్‌లో స్లీప్ టైమ్ వెంటనే ఆగేలా మార్చితే చాలాసార్లు తీరిపోతుంది.

యాక్సిలరేటర్ నొక్కితే స్పీకర్లలో కీచుమనే శబ్దం కూడా పెరుగుతోంది.

అది ఆల్టర్నేటర్ నుంచి వచ్చేది. ఎర్త్ వదులుగా ఉంది, లేదా సెట్‌కు ఒకచోట, యాంప్లిఫయర్‌కు ఒకచోట ఇచ్చిన ఎర్త్‌ల మధ్య తేడా ఉంది. ముందు రెండు ఎర్త్‌లూ గీకి బిగించండి. యాంప్లిఫయర్ ఉంటే దాని కరెంట్ కేబుల్ కారుకు ఒక పక్క, సెట్ నుంచి దానికి పాటల సిగ్నల్ తెచ్చే ఆర్‌సీఏ కేబుళ్లు మరో పక్క వెళ్లాలి. ఫోన్ చార్జింగ్‌లో ఉండి ఆక్స్ వైరుతో పాటలు వింటున్నప్పుడే వస్తే, చార్జర్ తీసి చూడండి, దోషం అక్కడిది.

ఇంజన్ స్టార్ట్ చేయగానే సెట్ ఆగి మళ్లీ ఆన్ అవుతోంది.

స్టార్టర్ తిరిగేటప్పుడు ఏసీసీ లైన్ కాసేపు ఆగడం చాలా కార్లలో మామూలే, సెట్ వెంటనే తిరిగొస్తే పట్టించుకోనక్కర్లేదు. మొదటి నుంచి లోగోతో బూట్ అవుతుంటే పసుపు వైరులో వోల్టేజీ బాగా పడిపోతోంది. ముందు బ్యాటరీ చూడండి. రాత్రంతా నిలిపిన కారులో 12.4కి తక్కువ ఉంటే చార్జింగ్ చేయించి మళ్లీ చూడండి.

పాత సెట్‌లో ఎఫ్ఎం బాగా వచ్చేది, ఇప్పుడు బుస్సుమంటోంది.

కారు పైకప్పు మీది పొట్టి యాంటెన్నాల్లో చాలావాటికి లోపల చిన్న యాంప్లిఫయర్ ఉంటుంది. దానికి 12 వోల్టులు కంపెనీ సెట్ ఇచ్చేది. కొత్త సెట్‌లో ఆ పని నీలం వైరుది, దాన్ని కలపకుండా టేప్ చుట్టి వదిలేస్తారు. కలపగానే స్టేషన్లు తిరిగొస్తాయి. యాంటెన్నా ప్లగ్‌కు సరైన అడాప్టర్ ఉందో లేదో కూడా చూడండి.

శబ్దం వస్తోంది కానీ బేస్ లేదు.

ఒక స్పీకర్‌కు ప్లస్, మైనస్ తారుమారై ఉంటుంది. బ్యాలెన్స్‌ను పూర్తిగా ఒక పక్కకు తిప్పండి. ఒక పక్క మాత్రమే ఉన్నప్పుడు బేస్ వచ్చి, మధ్యకు తెస్తే తగ్గితే అదే సమస్య. కప్లర్‌ను సెట్ నుంచి తీసి, గోడగడియారంలో వేసే 1.5 వోల్టుల సెల్ ప్లస్‌ను స్పీకర్ ప్లస్ వైరుకు, మైనస్‌ను మైనస్‌కు ఒక్క క్షణం తాకించండి. స్పీకర్ కాగితం బయటికి రావాలి, లోపలికి పోతే తిరగబడినట్టు.

ఫ్యూజ్ మళ్లీ మళ్లీ పోతోంది. పెద్దది వేయమంటున్నారు.

వేయొద్దు. 10 ఆంపియర్ల చోట 20ది వేస్తే ఫ్యూజ్ బదులు వైరు కాలుతుంది. సెట్ కప్లర్ ఊడదీసి కొత్త ఫ్యూజ్ వేయండి. అప్పుడూ పోతే షార్ట్ కారు వైపు వైరులో ఉంది, ప్యానెల్ కింద నలిగిన చోటు వెతకండి. పోకపోతే దోషం సెట్‌లోనో, దాని హార్నెస్‌లోనో ఉంది.

షాపులో పని అయిపోయింది. డబ్బు ఇచ్చేముందు ఏమేం చూసుకోవాలి?

ప్యానెల్ మూయకముందే మిమ్మల్ని పిలవమని చెప్పండి, జాయింట్లు ఫోటో తీసుకోండి. మూసాక ఇంజన్ స్టార్ట్ చేసి మీటర్‌లో ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి ఆరిపోయిందో లేదో చూడండి. ఆరకపోతే బండి అక్కడి నుంచి కదపొద్దు. నాలుగు స్పీకర్లూ ఒక్కొక్కటిగా, హజార్డ్ లైట్, ఏసీ స్పీడ్లు, గాలి దిశ మార్చే నాబ్, స్టీరింగ్ హారన్, రివర్స్ కెమెరా, పార్కింగ్ సెన్సర్ బీప్ అన్నీ పరీక్షించండి. బయటికి తెచ్చి లొకేషన్ పట్టేదాకా ఆగండి. తాళం తీసి పది నిమిషాల తర్వాత మళ్లీ ఆన్ చేసి గడియారం సరిగ్గా ఉందో చూసుకుని, పాత సెట్టు, మిగిలిన స్క్రూలు, వారంటీ కార్డు మీద సీరియల్ నంబర్, తేదీ రాయించుకుని తీసుకోండి.